అనంతపురం బండి నీళ్లలో పోయిన రోజు

1999 జూన్ 14, సోమవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఇది మొదలైంది. మా ఆఫీసు గోడ గడియారం నాలుగు నిమిషాలు ముందు నడిచేది. ఆ నాలుగూ తీసేసే చెబుతున్నాను.

అనంతపురంలో కరువు పనులు చూసే ఒక జిల్లా ఆఫీసులో నేను ఫొటోగ్రాఫర్‌ని. అప్పటికి నా వయసు నలభై ఏడు, సర్వీసు ఇరవై రెండేళ్లు. ఎండిన శెనక్కాయ చేలు, ఎండిన బావులు, చుక్క నీళ్లు లేని చెక్ డ్యాములు ఫొటోలు తీయడం నా పని. పలక మీద సర్వే నంబరు, తేదీ రాసి రైతు చేతికిచ్చి, చేలో నిలబెట్టి తీయాలి. నవ్వవద్దని ముందే చెప్పాలి. ఫొటో అనగానే మనవాళ్లు పళ్లన్నీ చూపిస్తారు. నవ్విన రైతు ఫొటో చూస్తే పై ఆఫీసువాళ్లు పంట పోలేదంటారు.

ఆఫీసు జీపు ఆఫీసరుకు, ఆఫీసరు బంధువులకు, బంధువుల బియ్యం మూటలకు సరిపోయేది. నాకు నూరు సీసీ మోటార్ సైకిలు ఒకటి పడేశారు. దాని మీద యాడికి అనే ఊరి నుంచి కణేకల్ దాకా తిరిగాను. మొదటి రెండేళ్లు ఊళ్లలో జనం పంటను వదిలేసి నన్ను చూసేవాళ్లు. తర్వాత వాళ్లకూ విసుగొచ్చింది.

ఆ సోమవారం ఆఫీసరు అందర్నీ పిలిచాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన, మా జిల్లాకు వచ్చినప్పటి నుంచీ దాహంతోనే ఉన్నట్టు కనిపించేవాడు. వార్షిక నివేదిక అట్ట మీదకు నీళ్లు నిండిన చెక్ డ్యాం ఫొటో కావాలన్నాడు.

“వానను కూడా మంజూరు చేయించండి సార్, తీస్తాను” అన్నాను.

“ఇరవై రెండేళ్లుగా ఎండు తీసీ తీసీ, నీళ్లంటే ఏంటో మీ కెమెరా మర్చిపోయినట్టుందమ్మా” అన్నాడాయన.

గదిలో నేను కాక పదకొండు మంది ఉన్నారు. పది మంది నవ్వారు. నాకు కోపం వచ్చింది ఆ నవ్వులకు కాదు, ఆయన మాట నిజం కాబట్టి. పారే నీళ్లను తీయడానికి షట్టర్ ఎంతసేపు తెరవాలో నాకు తెలియదు. ఎర్ర నేల, తెల్ల ఆకాశం, పలక, రైతు: ఈ నాలుగింటికీ కళ్లు మూసుకుని లెక్క పెట్టగలను. అంతకు మించి నాకేమీ రాదు.

“నీళ్లు యాడుంటే ఆడికే పోయి తీసుకొస్తా. హిమాలయాలకు పోతా. ఒక్కదాన్నే పోతా, మోటార్ సైకిల్ మీద పోతా” అన్నాను. ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు. హిమాలయాలు నాకు క్యాలెండరులో తప్ప పరిచయం లేవు.

ఈసారి పది మంది ఇంకా గట్టిగా నవ్వారు. నవ్వని పదకొండోవాడు మా జీపు డ్రైవరు. నాకన్నా పన్నెండేళ్లు చిన్న. నోరు ముందు, బుర్ర తర్వాత పనిచేసే మనిషి.

“నవ్వద్దండప్పా! నా బండి తీస్కపో అక్కా. యాడికైనా పోతాది అది” అనేశాడు.

అది అతడి బండి కాదు, వాళ్ల నాయన బండి. తాడిపత్రిలో లారీ మెకానిక్కుగా ఉండే ఆయన 1974లో కొన్న మూడువందల యాభై సీసీ బండి. ఊరవతల వస్తూంటే ఊళ్లో కుక్కలు లేచేవి. ఆయన పోయాక కొడుకు దాన్ని ప్రతి ఆదివారం స్టార్ట్ చేసి, తుడిచి, వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చి, గోనెపట్ట కప్పేవాడు. భార్యను కూడా ఎక్కించుకోలేదు. అలాంటి బండిని పదకొండు మంది ముందు ఇస్తానన్నాడు. ఆ మధ్యాహ్నానికే అతడి ముఖం చూస్తే మాట వెనక్కి తీసుకోవాలని ఉన్నట్టు తెలిసింది. కానీ మన దగ్గర అందరి ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం అంటే పంచె విప్పుకుని నడవడంతో సమానం. నేనైనా వద్దని ఉండాల్సింది. అనలేదు.

సెలవు దరఖాస్తు తీసుకుని సూపరింటెండెంటు తల పట్టుకున్నాడు. “కారణం ఏం రాయల్ల తల్లీ? తీర్థయాత్ర అని రాయి. దేవునితో ఎవుడూ పెట్టుకోడు, బిన్నా, రేపటికే సాంక్షన్ అయితాది.”

నేను ‘నీళ్లు చూడటానికి’ అని రాశాను. ఆఫీసరు సంతకం పెట్టాడు. చదివి ఉండడు.

జూలై 8, గురువారం, గుంతకల్లు స్టేషన్లో బండిని ఢిల్లీకి పార్శిల్ వేశాం. ట్యాంకులో పెట్రోలు తీసేసి, గోనెపట్టలు చుట్టి, గడ్డి కూరి కట్టారు. డ్రైవరు పక్కనే నిలబడి నాకు పదమూడు జాగ్రత్తలు చెప్పాడు. పన్నెండు మామూలువే. పదమూడోది కిక్ గురించి.

“ఈ మీటరు సూది చూడక్కా. ఈ లివరు పట్టుకోని, సూది నడిమికి వచ్చేదాకా మెల్లగ తొక్కల్ల. వచ్చినాకనే గట్టిగ తన్నల్ల. రాకముందు తన్నితివా, కాలు ఇరగ్గొడ్తాది. మా నాయన కాలు ఇరగ్గొట్టింది ఇదే.”

“మరి ఇంత ముద్దుగా చూసుకుంటాండావే దీన్ని?”

“నాయన కాలు ఇరిగినాక మూడు నెలలు ఇంట్లో ఉండినాడక్కా. నేను ఆయప్పను ఎక్కువ చూసింది ఆ మూడు నెలలే” అన్నాడు.

నేను మాట మార్చి రైలెక్కాను.

ఢిల్లీ నుంచి మనాలి మూడు రోజులు. అక్కడ ఒక రోజు ఆగి, రోహ్తాంగ్ కనుమ దాటి, చంద్రా నది లోయ వెంబడి స్పితి వైపు పోయాను. తమ్ముడి ప్యాంటు, చొక్కా, రెండు స్వెట్టర్లు, తల చుట్టూ ఉన్ని శాలువా, దాని మీద హెల్మెట్. అద్దంలో చూసుకుంటే బ్యాంకు దోచుకోవడానికి పోతున్నట్టు ఉన్నాను. అక్కడికి పోయొచ్చినవాళ్లంతా ప్రశాంతత దొరికిందని చెబుతారు. నాకు దొరికింది నాలుగు రోజుల మలబద్ధకం, ఆగని తలనొప్పి. కొండలు పెద్దవే, కాదనను. కానీ మొదటి రెండు రోజులు వాటిని చూసినప్పుడల్లా నాకు పెనుగొండ కొండే గుర్తొచ్చింది. తెల్ల రంగు వేసి, పచ్చదనం ఇంకాస్త గీకేస్తే అచ్చం అదే.

పని మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను. ప్రతి ఫొటోకూ చొక్కా జేబులోని నోటుపుస్తకంలో టైము, షట్టరు, వెలుగు రాసుకున్నాను. మంచును వెలుగు కొలిచే మీటరు చెప్పినట్టు తీస్తే బూడిద రంగు వస్తుందని పుస్తకంలో చదివి పోయాను, కాబట్టి ఒకటిన్నర రెట్లు ఎక్కువ వెలుగు ఇచ్చాను. పారే నీళ్లకు పదిహేనో వంతు సెకను, ఎనిమిదో వంతు, సగం సెకను, అన్నీ ప్రయత్నించాను. జూలై 20 రాత్రికి పంతొమ్మిది ఫిలిం రోళ్లు అయ్యాయి. రోలుకు ముప్పయ్యారు, మొత్తం ఆరువందల ఎనభై నాలుగు ఫొటోలు.

అదే నోటుపుస్తకం వెనక పేజీలో ఇంకో లెక్క ఉంది. పొద్దున్నే బండి స్టార్ట్ కావడానికి ఎన్ని కిక్కులు పడ్డాయనేది. గాలి పలుచన, చలి. తొమ్మిది, పద్నాలుగు, పదకొండు, పది, పదకొండు. సగటు పదకొండు. సూదిని నడిమికి తెచ్చుకోవడంతో కలిపి కిక్కుకు అర నిమిషం.

ఇప్పుడు మీలో మోటార్ సైకిళ్ల మీద కొండలకు పోయే కుర్రకారు చాలామంది ఉన్నారు, కాబట్టి ఇక్కడ కాస్త చెవి పెట్టండి. ఆ దారిలో రోడ్డుకు అడ్డంగా వాగులు, వంకలు చాలా ఉన్నాయి. వంతెనలు ఉండవు, రాళ్ల మీద దాటాలి. లారీలవాళ్లు తెల్లవారక ముందే బయలుదేరి వాటిని దాటేసి, మధ్యాహ్నానికి ఎక్కడో ఒకచోట ఆగిపోయేవాళ్లు. నేను వాళ్ల వెనకే పోయాను, వాళ్ల వెనకే తిరిగొస్తున్నాను. ఎప్పుడూ చీలమండ లోతు నీళ్లు కూడా చూడలేదు. వాళ్లు ఎండకు భయపడి చీకటితో లేస్తున్నారనుకున్నాను. మన లారీలు అట్లాగే కదా పోతాయి. మంచు కొండల్లో ఎండకు భయపడేవాడు ఎవడని నా బుర్రకు తోచలేదు.

జూలై 21, బుధవారం. తిరుగు ప్రయాణం. ఉదయం తొమ్మిదిన్నరకు ఒక వంక దగ్గర ఆగాను. వంద అడుగుల వెడల్పు గులకరాళ్లు, మధ్యలో రెండు పాయలు, ఒక్కొక్కటీ మన వీధి కాలువ అంత. పైన రెండు కిలోమీటర్ల దూరంలో మంచు కింద నుంచి ఈ నీళ్లు పుట్టే చోటు కనిపిస్తోంది. నాకు కావలసిన ఫొటో అదే. రెండు పాయల నడుమ చదునైన దిబ్బ ఉంది. అక్కడ బండికి సెంటర్ స్టాండ్ వేశాను. పంతొమ్మిది రోళ్ల మూట వెనక సీటుకు తాళ్లతో కట్టి ఉంది, దాన్ని అలాగే ఉంచాను. కెమెరా, ట్రైపాడ్ తీసుకుని పైకి బయలుదేరాను.

బండిని ఏటి నడుమ నిలబెట్టావా అని మీరు అడుగుతారు. అడగండి. మేం పెన్నలో కలింగర కాయలు పండిస్తాం, పెళ్లి భోజనాలు పెడతాం, లారీలు నిలబెట్టి వాటి నీడన నిద్రపోతాం. ఆకాశంలో మబ్బు లేకపోతే మా జిల్లాలో ఏరంటే అన్నిటికన్నా వెడల్పైన రోడ్డు. ఆ రోజు ఆకాశం కడిగిన పలకలా ఉంది.

గొర్రెలు మేపుకుంటున్న ముసలాయన ఒకాయన నన్ను ఆపాడు. బండి అక్కడి నుంచి తీయమన్నాడు హిందీలో. నాకు వచ్చింది అనంతపురం ఉర్దూ. ఇద్దరం చేతులతో సగం మాట్లాడాం. పొద్దు నడినెత్తికి వస్తే నీళ్లొస్తాయి అన్నాడు. మబ్బు ఎక్కడుంది అన్నాను. ఆయన సూర్యుణ్ణి చూపించాడు. ఎండెక్కేకొద్దీ నీళ్లు మాయమవడమే చూసిన కళ్లు నావి. ఎండెక్కితే నీళ్లొస్తాయంటే నవ్వొచ్చింది, నవ్వాను. ఆయనా నవ్వాడు. ఎదుటి మనిషికి పిచ్చి అని ఇద్దరం తీర్మానించుకుని విడిపోయాం.

పైన ఫొటోలు బాగా వచ్చాయి. ఇరవయ్యో రోలులో ఇరవై రెండు తీశాను. దిగి వస్తూంటే ఒంటిగంట నలభై ఎనిమిదికి చప్పుడు వినబడింది. గూడ్సు బండి వస్తున్న చప్పుడు. గుంతకల్లు దగ్గర పుట్టినదాన్ని, ఆ చప్పుడుకు తల తిప్పే అలవాటు లేదు. ఇక్కడ రైలు పట్టాలు లేవన్న సంగతి ఇరవై అడుగులు నడిచాక గుర్తొచ్చింది.

నా వైపు పాయ మోకాలి లోతుకు వచ్చేసింది. నీళ్లు నల్లగా, బురదగా. దిబ్బ ఇంకా పైకే ఉంది, దాని మీద బండి దర్జాగా నిలబడి ఉంది. ముసలాయన ఒడ్డున నిలబడి అరుస్తున్నాడు. కెమెరా ఒడ్డున పెట్టి, దాటి దిబ్బ ఎక్కాను. ఒక రాయిని గురుతు పెట్టుకుని నీళ్లు ఎంత వేగంగా ఎక్కుతున్నాయో చూశాను. దిబ్బ మునగడానికి ఆరు నిమిషాలు. నేను లెక్క వేశాను. పదకొండు కిక్కులు, కిక్కుకు అర నిమిషం, అయిదున్నర నిమిషాలు. తర్వాత నీళ్లలో దాటడానికి అర నిమిషం చాలదు. బండి రాదు. మూట వస్తుంది.

తాళ్లు డ్రైవరు గుంతకల్లులో చూపించిన ముడులతోనే కట్టాను. రాత్రి మంచుకు తడిసి, ఎండకు బిగుసుకున్నాయి. గోళ్లతో, పళ్లతో లాగాను. నాలుగు నిమిషాలు పట్టింది. మూట నెత్తిన పెట్టుకుని తొడల లోతు నీళ్లలో ఇవతలికి వచ్చాను. ఒక షూ పోయింది. మూట దించి బండి కోసం వెనక్కి తిరిగేసరికి ముసలాయన నా చొక్కా కాలర్ గట్టిగా పట్టుకున్నాడు. ఆయన్ని నాకు తెలిసిన నాలుగు భాషల్లో తిట్టాను. వదల్లేదు.

బండి కొంచెం సేపు నిలబడింది. తర్వాత అలిసిపోయినట్టు పక్కకు ఒరిగి పడుకుంది. హెడ్‌లైట్ ఒక్కసారి పైకి తేలి మా వైపు తిరిగింది. అంతే.

మర్నాడు పొద్దున ఆరింటికి ఆ వంకలో మళ్లీ వీధి కాలువ అంత నీళ్లు పారుతున్నాయి. ఏమీ ఎరగనట్టు. ముసలాయన, ఆయన కుక్క, నేను చంద్రా నది దాకా వెతికాం. టూల్ బాక్స్ మూత ఒక్కటి దొరికింది, ఎడమ పక్కది.

జూలై 23, శుక్రవారం, తొమ్మిది గంటల పది నిమిషాలకు మనాలిలో ఎస్టీడీ బూత్ నుంచి ఆఫీసుకు ఫోన్ చేసి, డ్రైవరును పిలిపించాను.

“బండి పోయిందప్పా.”

“యాడికి పోయింది?”

“నీళ్లలో కొట్టకపోయింది.”

అతడి నవ్వు ఎంత గట్టిగా వచ్చిందంటే రిసీవరు చెవికి దూరంగా పట్టుకున్నాను. “ఓయ్, ఇనండప్పా! అనంతపురం బండి నీళ్లలో మునిగిందంట! ఏమక్కా నువ్వు, అబద్ధం చెప్తే రోంతన్నా అతికేటట్ల చెప్పల్ల గదా!” వెనక ఆఫీసంతా నవ్వుతోంది. ఆఫీసరు గొంతు కూడా వినబడింది.

నేను మళ్లీ చెప్పి ఉండాలి. గుంతకల్లుకు మంగళవారం వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను. నీళ్ల ఎదుట నాకు భయం వేయలేదు. ఆ నవ్వు ఎదుట వేసింది.

రైల్లో భోపాల్ దాటాక తోచక నోటుపుస్తకం తెరిచాను. కిక్కుల పేజీ. పొద్దున లెక్కలన్నీ ఒక కుదురున ఉన్నాయి. పేజీ తిప్పితే మధ్యాహ్నాలు ఉన్నాయి. ఎండలో నిలబెట్టి తిరిగొచ్చి స్టార్ట్ చేసినవి, అయిదుసార్లు. ఒకటి, రెండు, ఒకటి, ఒకటి, రెండు. నా చేత్తో రాసినవే. నీళ్లొచ్చింది మధ్యాహ్నం రెండింటికి, బండి నాలుగు గంటలకు పైగా ఎండలో కాగి ఉంది. నేను లెక్కేసింది చలి పొద్దుల సగటు. కూడిక తప్పు కాదు, పేజీ తప్పు.

జూలై 27, మంగళవారం, మధ్యాహ్నం రెండు ముప్పయ్యైదుకు గుంతకల్లులో దిగాను. డ్రైవరు నా పెట్టె దగ్గర లేడు. రైలు చివర సామాను పెట్టె దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో రెండు లీటర్ల పెట్రోలు క్యాను. పార్శిల్ దించగానే ట్యాంకులో పోసి ఒకసారి స్టార్ట్ చేసి చూద్దామని తెచ్చుకున్నాడు. లోపలి నుంచి బుట్టలు దిగాయి, ఒక సైకిలు దిగింది, పెద్ద పేపరు కట్టలు దిగాయి. తలుపు మూశారు.

“వెనక రైలుకు వస్తాదా అక్కా?”

నేను టూల్ బాక్స్ మూత ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. పార్శిల్ తోపుడు బండి మీద కూర్చున్నాడు. మొత్తం చెప్పాను. టైములతో సహా చెప్పాను, అది తప్ప నాకేదీ చేతకాదు.

“మూట యాడ కట్టినావు?” అన్నాడు.

“వెనక సీటుకు.”

“మా నాయన బండికే గదా కట్టింది. బండి తోలుకొచ్చింటే మూట యాడికి పోతుండె?”

“స్టార్ట్ కాదనుకున్నా.”

“ఎన్ని కిక్కులు కొట్టినావు?”

పది అని ఉంటే నమ్మేవాడు. తొందరలో సూది చూసుకోలేదని అంటే నన్నే ఓదార్చేవాడు.

“ఒకటీ కొట్టలేదు” అన్నాను.

“ఒకటీ?”

“ఒకటీ లేదు.”

“పది కొట్టినాక లేయకపోయింటే అది బండి తప్పయితుండె” అన్నాడు. క్యాను, మూత రెండూ ఒకే చేతిలో పట్టుకుని లేచాడు. రెండో చేత్తో నా ఫొటోల మూట అందుకున్నాడు.

“పోదాం పాండి మేడం. జీపు బయట ఉండాది.”

ఫొటోలు కడిగించాను. అన్నీ వచ్చాయి. బూడిద రంగు మంచు ఒక్కటీ లేదు. సగం సెకనుకు తీసిన నీళ్లు పాల మీగడలా ఉన్నాయి. ఆఫీసరు అందులో ఒకటి తీసుకుని, మంచు ఉన్న పై భాగం కత్తిరించి, వార్షిక నివేదిక అట్ట మీద వేశాడు. ఆ సెలయేరు ఏ మండలంలో ఉందో చూపించమని పై ఆఫీసు నుంచి రెండు బృందాలు వచ్చాయి. రెండుసార్లూ జీపు తోలింది మా డ్రైవరే. రెండుసార్లూ వాళ్లను పెన్న ఒడ్డుకు తీసుకుపోయి ఇసుక చూపించాడు.

పాత బండ్ల మార్కెట్లో అదే రకం బండి ఒకటి వెతికి కొని, ఆ దసరాకు అతడి ఇంటి ముందు పెట్టించాను. మర్యాదగానే తీసుకున్నాడు. వారంలో భార్యను దాని మీద కూరగాయల మార్కెట్టుకు తీసుకుపోవడం చూశాను. గోనెపట్ట మాత్రం కప్పలేదు.

పోయినవి ఇవి.

1974 నాటి మోటార్ సైకిలు, ఒకటి. ఎడమ టూల్ బాక్స్ మూత మినహా.

హెల్మెట్, ఒకటి. స్పేర్ క్లచ్ తీగ, ఒకటి. కుడి కాలి షూ, ఒకటి.

అక్కా అన్న పిలుపు. 1999 జూలై 27 నుంచి నేను రిటైరైన 2010 జూన్ 30 దాకా, పదేళ్ల పదకొండు నెలల మూడు రోజులు.

ఫొటోలు ఏడువందల ఆరు. ఒక్కటీ పోలేదు.